కీలు గట్టిదైతేనే చాకు

జేబుచాకు ఎంచుకోవడం మీద ఒక పుస్తకమా, దానికి మళ్లీ పీఠికా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు. కావ్యాలకు, పరిశోధన గ్రంథాలకు, స్థలపురాణాలకు పీఠికలు రాసిన పెద్దలు మనకు చాలామంది ఉన్నారు. జేబులో పట్టే ఇనుప ముక్కకు ముందుమాట రాసినవాళ్లు మాత్రం నాకు తెలిసినంతలో లేరు. నాకా మొహమాటం లేదు. కొలిమి ఉన్న ఇంట్లో పుట్టాను. బడిపంతులుగా సుద్దముక్క పట్టడానికి ముందు తిత్తి తాడు పట్టాను. ఇనుము గురించి తెలిసి రాసిన పుస్తకం ఏదో, తెలియక రాసిందేదో రెండు పేజీలు తిప్పితే నాకు తెలిసిపోతుంది. ఇది తెలిసి రాసిన పుస్తకం.

దీన్ని రాసిన చిరంజీవి మా ఊరు లింగాలలో నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు హైదరాబాదులో యంత్రాల పనిలో ఉన్నాడు. పండుగకు ఊరికొచ్చినప్పుడల్లా జేబులోంచి ఏదో ఒక కొత్త చాకు తీసి, “సార్, ఇది చూడండి” అని నా అరచేతిలో పెట్టేవాడు. నేను తెరిచి, మూసి, వెలుతురుకు పట్టి చూసి, ఒక మాట అనేవాణ్ణి. అతను మారు మాట్లాడకుండా చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. ఇన్నేళ్ల ఆ రాతలకు తన చదువునూ అనుభవాన్నీ కలిపి పుస్తకం చేశాడు. నేనన్న మాటలు కొన్ని ఇందులో నా పేరు లేకుండానే ఉన్నాయి. అట్లా ఉండడమే బాగుంది.

పుస్తకం మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. చాకు గట్టిగా ఉండాలి, చూడముచ్చటగానూ ఉండాలి. ఈ రెండూ ఒకచోట దొరుకుతాయా? బజారులో అడిగితే దొరకవంటారు. గట్టిది కావాలంటే మొద్దుగా, బరువుగా ఉన్నదాన్ని చూపిస్తారు. అందమైనది కావాలంటే నగిషీలు చెక్కిన ఇత్తడి పిడిదాన్ని చూపిస్తారు. రచయిత ఈ రెండింటినీ పక్కకు నెట్టి, మడతచాకులో బలమూ అందమూ ఒకే జాగలో పుడతాయని, ఆ జాగ కీలు అని చెప్పాడు. నేను ఈ పీఠిక రాయడానికి ఒప్పుకున్నది ఈ ఒక్క మాట కోసమే.

కొంచెం వివరంగా చెబుతాను. మామూలు కత్తికి అలుగు పిడి లోపలి దాకా పోతుంది. దెబ్బ ఎంత బలంగా పడినా ఆ బలం ఇనుములోనే ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోతుంది. మడతచాకులో ఆ దారి కీలు దగ్గర తెగుతుంది. అక్కడున్నది ఒక చిన్న చీల, దానికి అటూ ఇటూ రెండు రేకులు, వెనక ఒక స్ప్రింగు పట్టీ. మనం కోసేటప్పుడు పెట్టే బలమంతా ఆ చీల మీదే పడుతుంది. చీల సన్నమైతే వంగుతుంది. దాని రంధ్రం ఒక వెంట్రుకవాసి పెద్దదైతే అలుగు ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలుపెట్టిన చాకు రోజురోజుకూ ఎక్కువే ఊగుతుంది కానీ తగ్గదు. కాబట్టి మడతచాకు కొనేవాడు ముందు పదును చూడకూడదు. పదును ఎవరైనా పెట్టగలరు. కీలు చేసినవాడి చెయ్యి మాత్రం మళ్లీ దొరకదు.

ఎట్లా చూడాలో ఈ పుస్తకంలోని మూడో అధ్యాయం చక్కగా చెప్పింది. చాకును పూర్తిగా తెరిచి, పిడిని ఎడమచేత గట్టిగా పట్టుకుని, అలుగు మొనను కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి అటూ ఇటూ, తర్వాత పైకీ కిందికీ కదిపి చూడాలి. కదలిక తెలిస్తే అక్కడే వదిలేయాలి. తర్వాత చాకును మూసి, వీపును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టాలి. వెనక పట్టీకీ రెండు పక్కల రేకులకూ మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. మూసిన అలుగు రెండు రేకులకు సరిగ్గా నడుమ పడుకోవాలి, ఒక పక్కకు రాసుకోకూడదు. ఆఖరున చెవి దగ్గర పెట్టుకుని తెరవాలి. తెరుచుకున్నప్పుడు ఒకసారి, మూసుకున్నప్పుడు ఒకసారి ‘టక్’మని పొడి చప్పుడు రావాలి. చప్పుడు మెత్తగా వచ్చినా, గరగరమన్నా స్ప్రింగు సరిగ్గా కాలలేదేమోనని అనుమానించాలి.

ఈ స్ప్రింగు సంగతి రచయిత నాలుగు వాక్యాల్లో ముగించాడు. దాన్ని నేనిక్కడ సాగదీస్తాను, ఎందుకంటే అసలు విద్య అంతా అందులోనే ఉంది. మా నాయన లారీ కమాను పట్టీ ముక్కతో కత్తులు చేసేవాడు. ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, ఆకారం వచ్చాక మళ్లీ కాల్చి నీళ్లలో ముంచేవాడు. అట్లా ముంచిన ఇనుము గాజులాగ పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. అందుకని దాని ఒక పక్కను ఇటుక ముక్కతో రుద్ది తళతళలాడేట్టు చేసి, వీపు వైపు నుంచి మెల్లగా వేడి ఎక్కించేవాడు. అప్పుడు ఆ మెరుపు మీద రంగులు నడిచొస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నెమలి కంఠం నీలం. గడ్డి రంగు వాదర దాకా వచ్చిన క్షణాన మళ్లీ నీళ్లలో ముంచితే కత్తికి పదును నిలుస్తుంది. ఆ రంగు సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర వస్తుందని, నీలం 300 డిగ్రీలకు దగ్గర్లో వస్తుందని నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. మా నాయనకు డిగ్రీలు తెలియవు, రంగు తెలుసు.

మడతచాకులో అలుగు గడ్డి రంగు దగ్గర ఆగాలి, స్ప్రింగు నీలం దాకా పోవాలి. అలుగుకు గట్టిదనం కావాలి, స్ప్రింగుకు వంగి తిరిగి లేచే గుణం కావాలి. ఒకే ఇనుమును రెండు చోట్ల రెండు రకాలుగా కాల్చి, వాటిని ఒక చీల దగ్గర కలిపి, ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి అరగదీసుకోకుండా చేయాలి. చేతి గడియారం చేసేవాడి ఓపిక, కత్తి చేసేవాడి బలం ఒక మనిషిలోనే ఉంటే తప్ప మంచి జేబుచాకు రాదు. పిడి మీద నెమలినో సింహాన్నో చెక్కడం దాని ముందు ఏ పాటి పని?

లోకమంతా మెచ్చిన చాకులను రచయిత ఈ కొలతతోనే తూచాడు. ఫ్రాన్సులోని సవోయ్ కొండసీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే అతను చేసిన చాకుకు ఇప్పటికీ బీచ్ కర్ర పిడే. స్ప్రింగు లేదు, నగిషీ లేదు. 1955లో దాని కీలు మీద ఒక ఉక్కు ఉంగరం తొడిగారు. అలుగు తెరిచాక ఉంగరాన్ని కొద్దిగా తిప్పితే చాకు వేళ్ల మీదికి మడుచుకోదు. ఆ మార్పుతో చేను గట్టు మీద రొట్టె కోసుకునే రైతు చాకు పట్నం జేబులకూ నమ్మకమైనదైంది. దాన్లో ఎనిమిదో నంబరు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. మన చేతులకూ మన పనులకూ అంతకంటే పొడుగు అక్కర్లేదని రచయిత తేల్చాడు, నేనూ అదే అంటాను. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్జెనర్ 1897లో పేటెంటు తీసుకున్న ఆఫీసరు చాకులో ఇంకొక తెలివి ఉంది. వెనక పట్టీ స్ప్రింగుతోనే పిడికి రెండు వైపులా పనిముట్లు అమర్చాడు. దాని వల్ల చాకు లావెక్కకుండా పనులు పెరిగాయి. జపానులో మికి పట్టణపు చాకుకు మడిచిన రేకే పిడి, స్ప్రింగు కూడా ఉండదు, బొటనవేలితో నొక్కి పట్టుకోవాల్సిందే. ఒకప్పుడు అక్కడి బడి పిల్లలు పెన్సిళ్లు దానితోనే చెక్కుకున్నారు. మన బడుల్లో సగం విరిచిన బ్లేడు ఆ పని చేసింది, ఎన్ని వేళ్లు తెగాయో నాకు తెలుసు.

అమెరికా వాళ్ల బక్ 110 సంగతి వేరు. 1964లో వచ్చింది. ఇత్తడి పొన్నులు, నల్లని కర్ర పిడి, తెరిస్తే వీపు మీద తాళం పడుతుంది. అందంలో దానికి వంక పెట్టలేం. కానీ బరువు రెండు వందల గ్రాములకు పైనే. ప్యాంటు బెల్టుకు తోలు సంచి కట్టుకుని తిరిగేవాళ్లకు పనికొస్తుంది. లుంగీ మొలలోనో చొక్కా జేబులోనో పెట్టుకునే మా వాళ్లకు అది గుదిబండ. దాన్ని పొగుడుతూనే “మన ఎండకు, మన బట్టకు ఇది కాదు” అని రచయిత రాసిన వాక్యం చూసి నవ్వుకున్నాను. అట్లా నిక్కచ్చిగా చెప్పగలగడం వస్తువు మీద మోజున్నవాళ్లకు మామూలుగా చేతకాదు.

ఇక మన ఎండ, మన బట్ట అన్నాడు కాబట్టి లింగాల మాట, మన పని మాట చెప్పాలి. నల్లమల అంచున ఉన్న మండలం మాది. 2016 దాకా మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు అప్పాయిపల్లి మీదుగా నడిచిపోయే జనం మా ఊరి దారినే పోతారు. ఇటు పక్క చేలు, అటు పక్క అడవి. చేలోకి పోయే మనిషికి రోజుకు ఎన్ని చోట్ల చాకు కావాలో లెక్కపెట్టి చూడండి. యూరియా బస్తా కుట్టు విప్పాలి, సుతిలి తెంపాలి, డ్రిప్పు పైపు కోయాలి, యాపపుల్ల విరవాలి, మామిడికాయ ముక్కలు చేసి ఉప్పూ కారం అద్దుకోవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొడవలి అక్కర్లేదు, బ్లేడు చాలదు. ఇంత పని ఉన్నా మా పాలమూరు మనిషి జేబులో చాకు కనిపించదు. పళ్లతో సుతిలి కొరుకుతాడు, రాయితో పైపు చితగ్గొడతాడు.

కారణం రచయిత చెప్పిందే. చాకు ఉన్నవాడంటే మనకు రౌడీ గుర్తొస్తాడు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకు పాత హిందీ సినిమాల్లో విలన్ చేతికి ఎక్కి, బటన్ నొక్కితే తెరుచుకునే ఆ చప్పుడుతోనే ఒక ఊరి పనితనం మొత్తం దొంగసొత్తు అయిపోయింది. ఆ రాంపూర్ ఊరే ఇప్పుడు తన చాకును కూడలిలో పెద్ద బొమ్మగా నిలబెట్టుకుంది. ఇటు మన దగ్గర ఊళ్లలో చాకు చూస్తే ఇంకా “అదెందుకురా నీకు?” అంటారు. అదే మనిషి నడుముకు గొడ్డలి వేలాడుతుంటే ఎవరూ ఏమీ అనరు. గొడ్డలి పని కోసమని అందరికీ తెలుసు. చాకు కూడా పని కోసమేనని ఈ పుస్తకం ఓపికగా చెబుతుంది.

అడవి వైపు చూస్తే ఇంకొక లెక్క. చెంచులు తరతరాలుగా గొడ్డలి, కత్తి, గడ్డలు తవ్వే కోల, విల్లు, అమ్ములు వాడారు. 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. అడవిలో తిరిగే మనిషికి ఎంత తక్కువ ఇనుము చాలో అది చదివితే తెలుస్తుంది. వాళ్ల కత్తి మడత పడదు. తేనెపట్టు దగ్గర తాడుకు వేలాడే మనిషి కీలును నమ్ముకోలేడు. మడతచాకు ఎక్కడ పనికిరాదో చెప్పే అధ్యాయంలో రచయిత ఈ సంగతి ఎత్తడం నాకు నచ్చింది. కట్టెలు చీల్చడానికి, మూత పెకిలించడానికి, తవ్వడానికి జేబుచాకును వాడేవాడు దాన్ని చంపుతున్నాడని రాశాడు. అక్షరాలా నిజం. నా దగ్గరికి బాగుచేయమని వచ్చిన చాకుల్లో ఎక్కువ భాగం కోయడం వల్ల పాడైనవి కావు, మీటడం వల్ల పాడైనవి.

ఉక్కు విషయంలో మాత్రం నాకూ అతనికీ తగవుంది. అతను స్టెయిన్‌లెస్ పక్షం, నేను మామూలు ఉక్కు పక్షం. అతని వాదం ఇది: మామూలు ఉక్కులో బొగ్గుపాలు నూటికి ఒక వంతుకు కాస్త అటూ ఇటూ, క్రోమియం ఉండదు కాబట్టి తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం పదమూడు శాతం దాకా ఉంటుంది, పల్చటి పొర కట్టి తుప్పును ఆపుతుంది. వానాకాలంలో చెమట పట్టిన చొక్కా జేబులో నాలుగు నెలలు ఉండాల్సిన వస్తువుకు అదే మేలంటాడు. లెక్క ప్రకారం అతను చెప్పింది కాదనలేను. కొల్లాపూర్ మామిడి కాయల కాలంలో మామూలు ఉక్కు చాకుతో పచ్చికాయ కోసి చూడండి. కాయలోని పులుపు, వగరు ఇనుముతో కలిసి, అలుగు మీద నీలపు మరకలు పడతాయి. ముక్క అంచు నల్లబడుతుంది, నాలుక మీద ఇనుప రుచి తెలుస్తుంది. ఆ మరకలతో తుప్పు ఆగుతుందని మావాళ్లు అంటారు, కొంతవరకే నిజం.

అయినా నేను మామూలు ఉక్కునే అంటాను. అరిగిన వాదర తిరిగి తెచ్చుకోవడానికి దానికి ఇంటి సానరాయి, పది నిమిషాలు చాలు. గట్టి స్టెయిన్‌లెస్‌కు వజ్రపు పొడి రాళ్లు కావాలి, అవి లింగాల బజారులో దొరకవు. పదును పెట్టుకోలేని మనిషి చేతిలో ఎంత ఖరీదైన ఉక్కయినా రెండు నెలల్లో వెన్న రాసే రేకు అవుతుంది. నగరంలో ఉండి, పండ్లు కోసుకోవడానికి కొనేవాళ్లు రచయిత మాట వినండి. చేనూ సానరాయీ ఉన్నవాళ్లు నా మాట వినండి.

ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది. చరిత్ర అధ్యాయంలో రచయిత రోమను కాలంనాటి మడతకత్తుల నుంచి మొదలుపెట్టి నేరుగా ఫ్రాన్సుకు, స్విట్జర్లాండుకు దూకాడు. మన దగ్గర తాటాకుల మీద రాసిన కాలంలో ఆకు అంచులు కోసే చాకునూ రాసే గంటాన్నీ ఒకే పిడిలోకి మడిచే పనిముట్లు దక్షిణాదిలో చేశారు. మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. నిజాం రాజ్యపు కచేరీల్లో ఉర్దూ రాసేవాళ్లకు రెల్లు కలం చెక్కుకునే చాకు లేనిదే పొద్దు గడిచేది కాదు. అంటే ఈ గడ్డ మీద జేబుచాకు పుట్టింది రౌడీ కోసం కాదు, రాతగాడి కోసం. పుస్తకం చెప్పదలచుకున్న మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏముంటుంది? రెండో ముద్రణలో ఈ లోటు తీర్చాలి.

ఉక్కు చరిత్ర మాట వచ్చింది కాబట్టి నిజామాబాద్ వైపు కోనసముద్రం పేరు కూడా ఆ అధ్యాయంలో ఉండాల్సింది. మూసలో ఇనుప ముక్కలు పెట్టి మూత మెత్తి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి తీసిన ఉక్కు గడ్డల కోసం పర్షియా వర్తకులు ఆ ఊరికి వచ్చి కూర్చునేవారు. వోయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు అక్కడి పని చూసి రాసిన వ్యాసం, అతను చనిపోయిన తర్వాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. డమాస్కస్ కత్తులని లోకం పేరు పెట్టుకున్న వాటి మీది నీటి అలల గీతలు ఇట్లాంటి ఉక్కులోనివే. ఆ గీతలను ఎవరూ చెక్కలేదు. ఉక్కు చల్లారే తీరులో, దాన్ని సాగగొట్టే తీరులో అవే పడ్డాయి. బలమూ అందమూ ఒకే జాగలో పుడతాయని రచయిత కీలు గురించి అన్నాడే, ఉక్కు గురించి అదే మాట మన తెలంగాణ కమ్మర్లు చేతలతో చెప్పారు. ఇప్పుడు బజారులో డమాస్కస్ అని అమ్మే గీతల చాకులు చాలావరకు రెండు రకాల ఉక్కు పొరలు అతికి ఆమ్లంలో ముంచినవి. వాటిలోనూ మంచివి ఉన్నాయి, కాదనను. కానీ మరీ చవకవాటిలో గీతలు పైపైన అచ్చువేసినవే. ఈ మోసాన్ని రచయిత బాగా బయటపెట్టాడు.

పిడి గురించి రాసిన పేజీలు ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టం. ప్లాస్టిక్కు మీద అతనికి కోపం లేదు, కర్ర మీద మోజూ లేదు. చేతి చెమటకు జారకుండా, అంచులు అరచేతిని గుచ్చకుండా, నాలుగు వేళ్లూ పట్టేంత ఉంటే చాలంటాడు. నేనైతే జిట్రేగి పిడే అంటాను. నల్లని చారలు, నూనె బట్టతో తుడిచినకొద్దీ మెరుపు, ఎండకూ వానకూ పగలదు. బర్రె కొమ్ము కూడా మంచిదే, చల్లగా పట్టుకు అతుకుతుంది. కానీ కొత్తలో నీళ్లు తాగితే వంకర పోతుంది. జింక కొమ్ము పిడి కావాలని మా నల్లమల వైపు వచ్చి అడిగే షికారు మనుషులు ఇప్పటికీ ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా అది అడగడమే తప్పు. పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్న ఊళ్లో ఆ మాట గట్టిగా అనకండి.

చట్టం గురించి కొంత. ఆయుధాల చట్టం కింద వచ్చే నిబంధనల్లో తొమ్మిది అంగుళాలకు మించి పొడుగు, లేదా రెండు అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో చేరతాయి. ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. ఈ పుస్తకం చెప్పే చాకులు ఆ కొలతలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవాటి జోలికి పోవద్దని రచయిత అన్నాడు. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, అవి పనిముట్లే కావంటాను. విమానానికీ మెట్రోకూ పోయేరోజు చాకు ఇంట్లో పెట్టి బయల్దేరండి. ఎంత మంచి చాకయినా తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోతుంది.

సాన పట్టే పద్ధతిని రచయిత బొమ్మలతో చూపించాడు. వాదరకు రెండు వైపులా పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలు, రాయి మీద నీళ్ల పొర, చేతి బరువు కాదు చాకు బరువే చాలు, చివర మంగలి తోలుపట్టీ మీద పది రుద్దులు. అంతా సరే. కీలుకు కొబ్బరినూనె వేయమని ఎక్కడో రాశాడు, అది దిద్దుకోవాలి. చలికాలం కొబ్బరినూనె గడ్డకడుతుంది, ఎండాకాలం దుమ్ము పట్టి కీలు బిగుసుకుంటుంది. కుట్టుమిషన్ నూనె ఒక చుక్క చాలు, పైది గుడ్డతో తుడిచేయాలి. అంటు కట్టేవాళ్ల చాకు మీద రాసిన ఒకటిన్నర పేజీ ఈ పుస్తకంలో ఎక్కువ మందికి ఉపయోగపడేది కావచ్చు. ఆ చాకుకు వాలు ఒక వైపే ఉంటుంది, రెండో వైపు చదునుగా ఉంటుంది. అప్పుడే కొమ్మ మీది కోత చదునుగా వచ్చి అంటు ముక్కకు అతుకుతుంది. కొల్లాపూర్ తోటల్లో పనిచేసేవాళ్లు ఆ ఒకటిన్నర పేజీ కోసమైనా ఈ పుస్తకం కొనవచ్చు.

శైలి గురించి ఒక పంతులు చెప్పాల్సిన మాట చెప్పి ముగిస్తాను. వాక్యం చిన్నది, మాట సూటిది. కంపెనీల పేర్లు ఎక్కువ, ధరలు చాలా ఎక్కువ. కొన్నిచోట్ల అమ్మకపు కాగితంలాగ ఉందేమో అనిపించినా, లోపాలు చెప్పడంలో ఎవరినీ విడిచిపెట్టలేదు. కాబట్టి ఆ అనుమానం నిలబడదు. చాకు మంచిదో కాదో తెలుసుకోవడానికి తెలుగులో ఇంత వివరంగా చెప్పిన పుస్తకం నేను ఇంతకు ముందు చూడలేదు. మన కమ్మరి కొలుముల భాష కూడా, అలుగు, వాదర, పొన్ను, చీల, దాగలి, ఇందులో బతికే ఉంది. ఇట్లాంటి పుస్తకాలు సానకు, చేనుకు, కుట్టుమిషనుకు కూడా రావాలి. రాసేవాళ్లు ఉన్నారు, రాయించేవాళ్లే తక్కువ.

చదివేవాళ్లకు నాదొక మనవి. ఈ పుస్తకం చేత్తో పట్టుకుని దుకాణానికి పోండి, అందులో చెప్పినట్టు వెలుతురుకు పట్టి చూసి ఎంచుకోండి, కంపెనీ పెట్టెలో వచ్చిన పదును మీద భరోసా పెట్టుకోకండి. అచ్చంపేట, కొల్లాపూర్, లింగాల వైపు కొలిమి ఆరని ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. మొదటి సాన అక్కడ పట్టించుకోండి, అడిగినంత కూలి బేరమాడకుండా ఇవ్వండి.

లింగాల, నాగర్‌కర్నూల్ జిల్లా